గళగండం ఉన్న అమ్మ రక్తపరీక్షలో ప్రోటీన్లు ఎక్కువగా వచ్చాయి: ఈ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?

పార్వతీపురం అబ్బాయి, జనవరి 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. ఆమె మెడ ముందు భాగంలో వాపు నా చిన్నతనం నుంచే ఉంది. మా వైపు పాతతరం ఆడవాళ్లలో గొంతు గడ్డ కొత్త సంగతి కాదు కనుక ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఈ మధ్య గుటక వేసేటప్పుడు ఏదో అడ్డుపడుతున్నట్టు ఉంటోందని చెప్పడంతో విశాఖపట్నం తీసుకువెళ్లి చూపించాము. స్కానింగులో థైరాయిడ్ గ్రంథి పరిమాణం రెండు వైపులా కలిపి 96 మిల్లీలీటర్లని, అందులో మూడు కంతులున్నాయని రాశారు. సోమవారం పెద్ద కంతి నుంచి సూదితో నమూనా తీశారు. దాని ఫలితం ఇంకా రాలేదు. గురువారం రక్తం ఇచ్చాము, ఆ రిపోర్టు ఈ రోజు చేతికి వచ్చింది.

అందులో ఉన్నవి ఇవి. మొత్తం ప్రోటీన్ డెసిలీటరుకు 8.7 గ్రాములు, ఆల్బుమిన్ 3.9, గ్లోబ్యులిన్ 4.8, ఆల్బుమిన్ గ్లోబ్యులిన్ నిష్పత్తి 0.81. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనికి పురమాయించే హార్మోన్) 11.2. ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్‌లో ప్రోటీన్లకు అంటుకోకుండా ఉన్న భాగం) మామూలు పరిధిలో కింది అంచున ఉంది. థైరోగ్లోబ్యులిన్ మిల్లీలీటరుకు 186 నానోగ్రాములు.

డాక్టరు గారిని మళ్లీ కలిసేది పది రోజుల తరువాత. ఈలోగా మేము చేసిన పని చెబితే కోప్పడవద్దని మనవి. ప్రోటీన్ ఎక్కువ అని ముదురు అక్షరాల్లో అచ్చయి ఉండటం చూసి, అమ్మకు పప్పు, గుడ్డు, పాలు మాన్పించాము. ఇక థైరోగ్లోబ్యులిన్ అన్న మాటను ఇంటర్నెట్టులో వెతికితే ప్రతి పేజీలోనూ క్యాన్సర్ అన్న మాటే ముందు కనిపిస్తోంది. గళగండం ఉన్నవారికి రక్తంలో ప్రోటీన్లు ఎందుకు పెరుగుతాయి? ఈ 186 నిజంగా భయపడవలసిన అంకెనా?


ల్యాబ్ గది, జనవరి 6, రాత్రి 10:05

ముందుగా ఒక మాట. రేపు ఉదయం మీ అమ్మగారికి పప్పు వండి పెట్టండి. మిగతా సంగతులు తరువాత మాట్లాడుకోవచ్చు.

మనం తిన్న పప్పులోని ప్రోటీన్ పప్పుగా రక్తంలోకి రాదు. అది పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోయి శరీరంలోకి చేరుతుంది. రిపోర్టులో కనిపించే ఆల్బుమిన్‌ను కాలేయం తయారు చేస్తుంది. గ్లోబ్యులిన్లలో ఎక్కువ భాగాన్ని కాలేయమూ, రోగనిరోధక కణాలూ కలిసి తయారు చేస్తాయి. అందువల్ల గుడ్డు మానేస్తే గ్లోబ్యులిన్ తగ్గదు. చాలాకాలం మానేస్తే తగ్గేది ఇప్పుడు చక్కగా ఉన్న ఆల్బుమిన్.

ముప్పై ఏళ్లు ల్యాబులో కూర్చున్నవాడిగా మరో రెండు విషయాలు చెబుతాను. మీ రిపోర్టులో గ్లోబ్యులిన్ అని ఉన్నది నేరుగా కొలిచిన అంకె కాదు, మొత్తం ప్రోటీన్‌లో నుంచి ఆల్బుమిన్ తీసివేయగా మిగిలిన శేషం. అందులో వందల రకాల ప్రోటీన్లు ఉంటాయి. రక్తం తీసేటప్పుడు చేతికి కట్టిన పట్టీని ఎక్కువసేపు ఉంచినా, మనిషిని చాలాసేపు నిలబెట్టి తీసినా, నీరు రక్తనాళాల నుంచి బయటకు జారి ప్రోటీన్ అంకె కొంత పెరుగుతుంది. అయితే అప్పుడు ఆల్బుమిన్ కూడా దానితో పాటే పెరగాలి. మీ రిపోర్టులో ఆల్బుమిన్ ఉన్నచోటే ఉండి గ్లోబ్యులిన్ ఒక్కటే పెరిగింది కనుక, పట్టీ మీద నింద వేసి తప్పించుకోవడానికి వీలు లేదు.

రెండోది పేర్ల గందరగోళం. గ్లోబ్యులిన్, థైరోగ్లోబ్యులిన్ అన్న పేర్లు అక్కచెల్లెళ్లలా వినిపించినా, ఒకటి పెరగడం వల్ల రెండోది పెరిగిందని అనుకోకండి. డెసిలీటరుకు 4.8 గ్రాములంటే మిల్లీలీటరుకు నాలుగు కోట్ల ఎనభై లక్షల నానోగ్రాములు. అందులో థైరోగ్లోబ్యులిన్ వాటా 186 నానోగ్రాములు మాత్రమే, అంటే రెండున్నర లక్షల వంతులలో ఒక వంతు. అది పది రెట్లు పెరిగినా మొత్తం ప్రోటీన్ లెక్కలో ఎక్కడా కనిపించదు. కాబట్టి మీ చేతిలో ఒక ప్రశ్న కాదు, రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి.

ఇంతకూ, సూదితో నమూనా సోమవారం తీశారని, రక్తం గురువారం ఇచ్చామని రాశారు. తేదీలు సరిగ్గా అవేనా?


పార్వతీపురం అబ్బాయి, జనవరి 6, రాత్రి 10:20

అవునండీ, మధ్యలో మూడు రోజులే. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?


ఉప్పు నిప్పు, జనవరి 7, ఉదయం 6:40

గొంతు గడ్డ అంటే అయోడిన్ లోపమే కదా. ఇన్ని పరీక్షలు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మా బంధువుల ఇంట్లో ఒకరు అయోడిన్ చుక్కలు నీళ్లలో కలుపుకుని తాగితే వాపు తగ్గిందని చెప్పారు. మీరు కూడా ముందు అది మొదలుపెట్టి చూడండి. అయోడిన్ సరిపడా అందితే ఈ ప్రోటీన్లన్నీ వాటంతట అవే దారిలోకి వస్తాయి.


గ్రంథుల డాక్టరమ్మ, జనవరి 7, మధ్యాహ్నం 2:15

ఉప్పు నిప్పు గారూ, మీ ఉద్దేశం మంచిదే కానీ ఈ సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. గళగండం అనేది వ్యాధి పేరు కాదు, గ్రంథి పెద్దదయిందని చెప్పే మాట మాత్రమే. అయోడిన్ తక్కువై పెద్దదవుతుంది, సొంత రోగనిరోధక వ్యవస్థ దాడి వల్ల పెద్దదవుతుంది, హార్మోన్ మితిమీరే గ్రేవ్స్ వ్యాధిలో పెద్దదవుతుంది, కంతుల వల్ల కూడా పెద్దదవుతుంది. ఈ తల్లిగారి రిపోర్టులో అనుమానం రెండో కారణం వైపు మొగ్గుతోంది. అలాంటి గ్రంథికి అయోడిన్ మోతాదుకు మించి పోస్తే దాని పని ఇంకా మందగించవచ్చు. కంతులున్న గ్రంథిలో అయితే దీనికి పూర్తిగా విరుద్ధంగా, హార్మోన్ ఒక్కసారిగా ఎగసి గుండె దడ మొదలయ్యే ప్రమాదం కూడా ఉంది. వంటలో వాడే అయోడిన్ ఉప్పు చాలు.

ఇప్పుడు 186 గురించి. థైరోగ్లోబ్యులిన్ అనేది థైరాయిడ్ గ్రంథి మాత్రమే తయారు చేసుకునే పెద్ద ప్రోటీన్. దాని అణుభారం సుమారు 6,60,000 డాల్టన్లు, అంటే ఆల్బుమిన్ అణువుకు పది రెట్లు. గ్రంథి తనలోని కొల్లాయిడ్ అనే జిగట ద్రవంలో దీన్ని నిలవ చేసుకుని, దీని మీదే అయోడిన్‌ను అతికించి, ఆ తరువాత దీన్ని కోసి టీ4, టీ3 హార్మోన్లను విడుదల చేస్తుంది. ఆ క్రమంలో కొద్దిగా రక్తంలోకి కారుతుంది. టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నప్పుడు ఒక గ్రాము గ్రంథికి మిల్లీలీటరు రక్తంలో సుమారు ఒక నానోగ్రాము థైరోగ్లోబ్యులిన్ ఉంటుందని ఒక మోటు లెక్క వాడుకలో ఉంది. 96 మిల్లీలీటర్ల గ్రంథికి 100 దగ్గర్లో ఉండటం వింత కాదు. టీఎస్‌హెచ్ 11.2 ఉంటే, అది గ్రంథిని అదిలిస్తూ ఉంటుంది కనుక ఇంకొంచెం పెరుగుతుంది. దీనికి తోడు మూడు రోజుల కిందట సూది గుచ్చారు. గుచ్చిన చోటు నుంచి కొల్లాయిడ్ రక్తంలోకి చేరి ఈ అంకె పైకి ఎగబాకుతుంది, దిగిరావడానికి వారాలు పట్టవచ్చు. ల్యాబ్ గది గారు తేదీలు అడిగింది ఇందుకే.

గ్రంథి శరీరంలో ఉండగా థైరోగ్లోబ్యులిన్‌ను బట్టి క్యాన్సర్ ఉందో లేదో చెప్పలేము. మామూలు గళగండంలోనూ, వాపులోనూ, క్యాన్సర్‌లోనూ అది పెరుగుతుంది. అందుకే కంతులను మొదటిసారి పరిశీలించేటప్పుడు ఈ పరీక్షను అలవాటుగా చేయవద్దని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. క్యాన్సర్ కారణంగా గ్రంథిని పూర్తిగా తీసివేసిన తరువాత, ఇక శరీరంలో దాన్ని తయారు చేసేది ఏదీ మిగలకూడదు కనుక, అప్పుడు మాత్రం అది ఎంతో విలువైన సూచిక. మీరు వెతికినప్పుడు కనిపించిన పేజీలన్నీ ఆ రెండో సందర్భం గురించి రాసినవి.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది 4.8. టీఎస్‌హెచ్ పెరిగి, గ్రంథి పెద్దదై, గ్లోబ్యులిన్ కూడా పెరిగి ఉంటే సొంత రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ మీద దాడి చేసే హషిమోటో థైరాయిడైటిస్‌ను ముందుగా గుర్తు చేసుకోవాలి. అయితే 58 ఏళ్ల మనిషిలో గ్లోబ్యులిన్ ఇంత ఉంటే, థైరాయిడ్ పేరు చెప్పి దాన్ని దాటవేయకూడదు. హషిమోటోలో కనిపించే పెరుగుదల సాధారణంగా ఇంతకంటే తక్కువగానే ఉంటుంది. కాలేయ వ్యాధి, దీర్ఘకాలిక అంటువ్యాధులు, ఎముక మజ్జకు వచ్చే మైలోమా అనే క్యాన్సర్ కూడా ఇలాగే కనిపిస్తాయి. థైరాయిడ్ మీద దాడిని చూపే యాంటీ టీపీఓ, యాంటీ థైరోగ్లోబ్యులిన్ ప్రతిదేహాలతో (యాంటీబాడీలతో) పాటు ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని ప్రోటీన్లను విద్యుత్తుతో విడదీసి చూసే పరీక్ష), కాలేయ పరీక్షలు చేయించమని మీ డాక్టరు గారిని అడగండి. నేను మీ అమ్మగారిని చూడలేదు. తుది నిర్ణయం చూసిన వైద్యులదే.


పాత పుస్తకాల పురుగు, జనవరి 7, రాత్రి 8:50

డాక్టరమ్మ గారు చెప్పిన ఆ గ్లోబ్యులిన్ సంగతికి వెనుక ఒక చక్కని చరిత్ర ఉంది. దాన్ని ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాను.

1912లో జపాన్‌లోని క్యుషుకు చెందిన యువ శస్త్రవైద్యుడు హకారు హషిమోటో, నలుగురు మహిళల నుంచి తీసిన థైరాయిడ్ గ్రంథులను సూక్ష్మదర్శినిలో చూసి, అవి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలతో నిండిపోయి ఉన్నాయని ఒక జర్మన్ పత్రికలో ప్రచురించాడు. ఆ కణాలు అక్కడ ఏం చేస్తున్నాయో తరువాత నలభై ఏళ్లకు పైగా ఎవరికీ తెలియలేదు. 1950లలో ఈ రోగుల రక్తంలో గామా గ్లోబ్యులిన్ ఎక్కువగా ఉంటోందని కొందరు గమనించారు. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేస్తున్న డెబోరా డోనియాక్ దృష్టి దీని మీద పడింది. గళగండాన్ని కోసి తీసివేసిన తరువాత ఆ రోగుల గామా గ్లోబ్యులిన్ తగ్గుతోంది. గామా గ్లోబ్యులిన్లంటే ప్రతిదేహాలు. గ్రంథిని తీసేస్తే ప్రతిదేహాలు తగ్గుతున్నాయంటే, వాటిని పుట్టిస్తున్నది బయటి క్రిమి కాదు, ఆ గ్రంథిలోనే ఉన్న ఏదో పదార్థమై ఉండాలి.

ఆమె, ఐవాన్ రాయిట్, పీటర్ కాంప్‌బెల్ కలిసి చేసిన ప్రయోగం చాలా సరళమైనది. హషిమోటో రోగుల సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) మానవ థైరాయిడ్ గ్రంథి రసంతో కలిపారు. రెండూ కలిసిన చోట తెల్లని అవక్షేపం ఏర్పడింది. రోగి ప్రతిదేహాలు పట్టుకున్న ఆ పదార్థం థైరోగ్లోబ్యులిన్. ఆ ఫలితం 1956లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అదే ఏడాది అమెరికాలోని బఫెలోలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్లకు వాటి జాతి థైరాయిడ్ రసాన్నే ఎక్కించి, అవి తమ సొంత గ్రంథి మీదే దాడి చేసేలా చేయగలిగారు. శరీరం తన మీద తానే యుద్ధం చేయదన్న జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ కాలం నాటి నమ్మకం అక్కడితో బీటలు వారింది.

అందువల్ల పార్వతీపురం తమ్ముడూ, మీ చేతిలోని కాగితం మీద ఉన్న రెండు ముదురు అంకెలూ ఆ చరిత్రలోని రెండు పాత్రలే. మామూలు భాషలో చెప్పాలంటే, ఒకటి దాడి చేసే పక్షం, మరొకటి దాడికి గురయ్యే పక్షం. ల్యాబ్ గది గారు చెప్పినట్టు పరిమాణంలో వాటికి పొత్తు లేదు. కారణంలో మాత్రం ఉండవచ్చు.

మరొక సంగతి కూడా మీ ప్రాంతానికి దగ్గరిది. గళగండం మీద మన దేశంలో జరిగిన అత్యంత ప్రసిద్ధమైన క్షేత్ర పరిశోధనకు నాయకత్వం వహించిన ఉలిమిరి రామలింగస్వామి శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో సుమారు లక్ష మంది జనాభాను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, మూడోదానికి మామూలు ఉప్పును ఇచ్చారు. అయోడిన్ ఉప్పు అందిన మండలాల్లో కొన్నేళ్లలోనే పిల్లల్లో గళగండం గణనీయంగా తగ్గింది. 1962లో మొదలైన జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమానికి ఆధారం ఆ పరిశోధనే. ఆయన ప్రోటీన్ లోపం మీద కోతులలో చేసిన పరిశోధనలు కూడా పేరుపొందినవే.


ఉప్పు నిప్పు, జనవరి 7, రాత్రి 9:30

సరే, చుక్కల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కాంగ్రాలో అయోడిన్ పనిచేసినప్పుడు పార్వతీపురంలో ఎందుకు పనిచేయదో ఎవరైనా చెబితే సంతోషిస్తాను.


గ్రంథుల డాక్టరమ్మ, జనవరి 8, ఉదయం 7:30

మంచి ప్రశ్న. కాంగ్రాలో తగ్గినది ముఖ్యంగా పిల్లల్లో, లేత గ్రంథుల్లో. ఏళ్ల తరబడి కంతులు కట్టి, మచ్చలు పడిన గ్రంథి అయోడిన్ అందినంత మాత్రాన తిరిగి మామూలు పరిమాణానికి రాదు. అమ్మగారి పాత వాపు అయోడిన్ లోపంతోనే మొదలై ఉండవచ్చు. ఇప్పటి పెరుగుదలకు కారణం వేరే అయి ఉండవచ్చు. ఒకే మెడలో రెండు కారణాలు ఉండటం అరుదు కాదు.

అయోడిన్ లోపాన్ని కనిపెట్టడంలోనూ థైరోగ్లోబ్యులిన్‌కు ఒక పాత్ర ఉంది, కానీ అది ఒక మనిషికి సంబంధించినది కాదు, ఊరి మొత్తానికి సంబంధించినది. బడిపిల్లల వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను కాగితం మీద ఆరబెట్టి కొలుస్తారు. ఆ పిల్లలందరి మధ్యగత విలువ లీటరుకు 13 మైక్రోగ్రాముల కంటే తక్కువగా ఉంటే, ఆ ప్రాంతంలో అయోడిన్ సరిపడా అందుతోందని అనుకుంటారు. ఒక్క మనిషి అంకెను తీసుకుని ఆ తూకం వేయకూడదు.


న్యూజెర్సీ తల్లి, జనవరి 8, రాత్రి 11:10

నాకూ చిన్న గళగండం ఉంది, దానితో పాటు రక్తంలోని ప్రోటీన్ల గురించి నాకు ఎదురైన అనుభవం వేరు. రెండో కాన్పు సమయంలో, ఐదో నెలలో నా మొత్తం టీ4 పరిధి దాటి వచ్చింది. థైరాయిడ్ ఎక్కువైందేమోనని ఇంట్లో అందరూ హడలిపోయారు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మాత్రం మామూలుగానే ఉన్నాయి. పెరిగింది హార్మోన్ కాదని, దాన్ని మోసే ప్రోటీన్ అని డాక్టరు చెప్పారు. అప్పుడు సగమే అర్థమైంది. ఎవరైనా వివరంగా చెబుతారా?


ల్యాబ్ గది, జనవరి 9, ఉదయం 9:25

అమ్మా, ఇది నాకు ఇష్టమైన అధ్యాయం. రక్తంలో ఉన్న టీ4 (థైరాక్సిన్)లో దాదాపు 99.97 శాతం ఏదో ఒక ప్రోటీన్ భుజం మీద కూర్చుని ప్రయాణిస్తుంది. కిందకు దిగి కణాల్లోకి వెళ్లి పనిచేసేది మిగిలిన 0.03 శాతమే. మోసేవాటిలో ముఖ్యమైనది థైరాక్సిన్ బైండింగ్ గ్లోబ్యులిన్, అంటే టీబీజీ. ఇది ఉండేది తక్కువే అయినా పట్టు గట్టిది కనుక టీ4లో సుమారు నాలుగింట మూడు వంతులను ఇదొక్కటే మోస్తుంది. తరువాతిది ట్రాన్స్‌థైరెటిన్. దాని పాత పేరు ప్రీఆల్బుమిన్. ఆ పేరు చూసి అది ఆల్బుమిన్‌గా మారబోయే పదార్థమని చాలామంది పొరబడతారు. ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఆల్బుమిన్ కంటే ముందు పరుగెత్తుతుందన్నదే ఆ పేరుకు అర్థం. మూడోది ఆల్బుమిన్. దీని పట్టు చాలా వదులు, కానీ మిగతా రెండింటితో పోలిస్తే రక్తంలో ఇది అపారంగా ఉంటుంది.

గర్భిణులలో ఈస్ట్రోజెన్ ప్రభావం వల్ల టీబీజీ రక్తంలో ఎక్కువకాలం నిలిచి, రెండు మూడు రెట్లు పెరుగుతుంది. బండ్లు ఎక్కువైతే ఎక్కే ప్రయాణికులూ ఎక్కువవుతారు. అందుకే మొత్తం టీ4 నాలుగో నెల దాటిన తరువాత ఒకటిన్నర రెట్లకు చేరుతుంది. దిగి నడిచేవాళ్ల సంఖ్య మాత్రం మారదు. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోనూ ఇదే జరుగుతుంది. కొందరికి పుట్టుకతోనే టీబీజీ తక్కువగా ఉంటుంది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం వల్ల మగవారిలో ఇది స్పష్టంగా బయటపడుతుంది. మొత్తం టీ4 చాలా తక్కువగా కనిపించినా ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు, ఏ మందూ అక్కరలేదు. గళగండం కూడా ఉన్నవాడికి ఈ లక్షణం తోడైతే, టీఎస్‌హెచ్ చూడకుండా మొత్తం టీ4 ఒక్కదాన్నే నమ్మి మాత్రలు రాసే ప్రమాదం ఉంది.

మా గురువుల కాలంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. అప్పట్లో హార్మోన్‌ను నేరుగా కొలిచే వీలు లేక, ప్రోటీన్‌కు అంటుకున్న అయోడిన్‌ను కొలిచేవారు. రోగి అయోడిన్ ఉన్న దగ్గుమందు తాగినా అంకె తారుమారయ్యేది.


కిడ్నీ వార్డు నర్సు, జనవరి 9, మధ్యాహ్నం 1:00

దీనికి మరో వైపు కూడా చెబుతాను. మూత్రపిండాల జబ్బైన నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో మూత్రంలో ఆల్బుమిన్‌తో పాటు టీబీజీ, దానితో పాటు థైరాక్సిన్ కూడా పోతాయి. థైరాయిడ్ మాత్రలు అప్పటికే వాడుతున్నవారికి కొన్నిసార్లు మోతాదు పెంచవలసి వస్తుంది. గళగండం ఉండి కాళ్ల వాపు కూడా ఉన్నవారికి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష తప్పక చేయించాలి. వాపు అంతా థైరాయిడ్ వల్లే అని అనుకుని ఆలస్యం చేసిన కేసులను మా వార్డులో చూస్తుంటాము.


కడప మాస్టారు, జనవరి 10, సాయంత్రం 5:45

నాకు ఆరేళ్ల కిందట గళగండానికి శస్త్రచికిత్స జరిగింది. థైరాయిడ్ తీసేటప్పుడు దాని వెనుక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే కాల్షియం పడిపోతుందని ముందే చెప్పారు. మూడో రోజు కాల్షియం 7.8 వచ్చింది. నాకు వేళ్ల చివర్లు తిమ్మిరెక్కలేదు, పెదవుల చుట్టూ జలదరింపు లేదు, అయినా ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు. ఒక చిన్న డాక్టరు గారు వచ్చి ఆల్బుమిన్ ఎంతని చూశారు. ఆపరేషన్ తరువాత అది 2.8కి దిగి ఉంది. రక్తంలోని కాల్షియంలో సుమారు 40 శాతం ఆల్బుమిన్‌కు అంటుకుని ఉంటుంది కనుక, ఆల్బుమిన్ తగ్గితే మొత్తం కాల్షియం కూడా తగ్గినట్టు కనిపిస్తుందని ఆయన వివరించారు. నాలుగులో నుంచి ఆల్బుమిన్‌ను తీసివేసి, వచ్చినదాన్ని 0.8తో గుణించి, కాల్షియానికి కలపాలని కాగితం మీద లెక్క వేసి చూపించారు. 7.8కి 0.96 కలిపితే 8.76. అది మామూలు పరిధికి దగ్గరే. లెక్కల మాస్టారినైన నాకు ఆ రోజు అంతకంటే ఆనందం కలిగించిన లెక్క లేదు.

ఈ సూత్రం అంచనా మాత్రమేనని, అవసరమైతే దేనికీ అంటుకోకుండా ఉన్న అయనీకృత కాల్షియాన్నే నేరుగా కొలుస్తారని కూడా ఆయనే చెప్పారు. గళగండానికి ఆపరేషన్ చేయించుకోబోయేవారు ముందే ఆల్బుమిన్ ఎంతుందో రాసిపెట్టుకోవడం మంచిది.


న్యూజెర్సీ తల్లి, జనవరి 11, ఉదయం 4:30

ల్యాబ్ గది గారికి ధన్యవాదాలు. ఇంతకాలానికి ఆ ఐదో నెల రిపోర్టు అర్థమైంది. పార్వతీపురం గారూ, అమ్మగారు జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నారేమో కనుక్కోండి. ఇక్కడ రక్తపరీక్షకు ముందు ఆ ప్రశ్న తప్పక అడుగుతారు.


ల్యాబ్ గది, జనవరి 11, ఉదయం 9:05

ఇది అడగవలసిన ప్రశ్నే, నేనే మరిచాను. చాలా యంత్రాలు బయోటిన్‌కు స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ అతుక్కునే గుణాన్ని వాడుకుని కొలుస్తాయి. రోగి రక్తంలో బయోటిన్ మితిమీరి ఉంటే టీఎస్‌హెచ్, థైరోగ్లోబ్యులిన్ ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. అంటే మనిషికి లేని థైరాయిడ్ ఆధిక్యం కాగితం మీద పుడుతుంది. ఈ అమ్మగారి అంకెలు అందుకు భిన్నమైన దిశలో ఉన్నాయి కనుక ఇక్కడ అది కారణం కాకపోవచ్చు. అయినా వాడుతుంటే తరువాతి పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపాలి.


పార్వతీపురం అబ్బాయి, జనవరి 19, రాత్రి 8:15

ఆలస్యానికి క్షమించండి. ఇప్పటివరకు తెలిసినవన్నీ రాస్తున్నాను.

సూది పరీక్ష ఫలితం బెథెస్డా 2 (క్యాన్సర్ కాదని చెప్పే తరగతి) అని వచ్చింది. క్యాన్సర్ కణాలు లేవని, లింఫోసైటిక్ థైరాయిడైటిస్‌కు సరిపోతోందని రాశారు. యాంటీ టీపీఓ 600 పైన ఉంది, యాంటీ థైరోగ్లోబ్యులిన్ కూడా పాజిటివ్. ఎలక్ట్రోఫోరెసిస్ పటంలో గామా భాగంలో వెడల్పాటి గుట్ట కనిపిస్తోంది. సన్నని శిఖరం ఏదీ లేదని, కనుక మైలోమా వంటిదానికి ఆధారం లేదని డాక్టరు గారు చెప్పారు. కాలేయం పరీక్షలు మామూలుగా ఉన్నాయి, హెపటైటిస్ బీ, సీ లేవు. ఇంత గ్లోబ్యులిన్ హషిమోటో ఒక్కదానితోనే వచ్చిందా అన్నది తేల్చడానికి కీళ్లవాతానికి, కన్నీటి, లాలాజల గ్రంథుల మీద రోగనిరోధక వ్యవస్థ దాడి చేసే షోగ్రెన్ వ్యాధికి సంబంధించిన పరీక్షలు కూడా రాశారు. అమ్మకు నోరు ఎండిపోతుందా, కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటుందా అని అడిగారు. రెండూ ఉన్నాయని అమ్మ చెప్పేసరికి నేనే ఆశ్చర్యపోయాను. ఇంతకాలం మాతో ఎప్పుడూ అనలేదు. బయోటిన్ మాత్రలు వాడటం లేదు. థైరాక్సిన్ చిన్న మోతాదుతో మొదలుపెట్టారు.

పప్పు ఆ మరుసటి రోజు నుంచే పెడుతున్నాము. థైరోగ్లోబ్యులిన్ మళ్లీ చేయించాలా?


ల్యాబ్ గది, జనవరి 19, రాత్రి 9:00

సూది గుచ్చిన ప్రభావం పూర్తిగా పోవాలంటే ఆరు వారాలు ఆగి చేయిస్తే అసలు అంకె తెలుస్తుందని నా ఉద్దేశం.


గ్రంథుల డాక్టరమ్మ, జనవరి 20, ఉదయం 7:10

ఇక్కడ ల్యాబ్ గది గారితో విభేదిస్తున్నాను. ఆరు వారాల తరువాత 90 వచ్చినా, 150 వచ్చినా ఈ తల్లిగారి చికిత్సలో మారేది ఏముంటుంది? పైగా యాంటీ థైరోగ్లోబ్యులిన్ ప్రతిదేహాలు పాజిటివ్‌గా ఉన్నాయి. అవి రోగి రక్తంలోని థైరోగ్లోబ్యులిన్‌ను కప్పివేసి పరీక్షలోని ప్రతిదేహాలకు అందనివ్వవు, అందువల్ల ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతుల్లో అంకె సాధారణంగా తప్పుగా తగ్గి వస్తుంది. అర్థం చెప్పలేని అంకె కోసం డబ్బు ఖర్చు పెట్టించడం నాకు ఇష్టం లేదు.

నోరు, కళ్ల సంగతి అడిగిన మీ డాక్టరు గారిని మెచ్చుకోవాలి. హషిమోటో ఉన్నవారిలో షోగ్రెన్ తోడుగా ఉండటం మేము చూస్తూనే ఉంటాము, అందులో గామా గ్లోబ్యులిన్ బాగా పెరుగుతుంది కూడా. 4.8కి అసలు లెక్క అక్కడే తేలవచ్చు.


ల్యాబ్ గది, జనవరి 20, ఉదయం 8:40

ఒప్పుకుంటున్నాను. యాంటీ థైరోగ్లోబ్యులిన్ పాజిటివ్ అన్న వాక్యాన్ని నేను సరిగ్గా చదవలేదు. అది చదివి ఉంటే ఆ సలహా ఇచ్చేవాడిని కాదు.


పార్వతీపురం అబ్బాయి, జనవరి 20, రాత్రి 9:20

అలాగేనండీ, చేయించము. మరి థైరాక్సిన్ వేసుకుంటే ఈ గ్లోబ్యులిన్ ఎప్పటికి తగ్గుతుంది? వాపు తగ్గుతుందా?


గ్రంథుల డాక్టరమ్మ, జనవరి 21, మధ్యాహ్నం 2:40

థైరాక్సిన్ లోటును పూడ్చే మందు, ప్రతిదేహాలను అణిచే మందు కాదు. గ్లోబ్యులిన్ ఏళ్ల తరబడి అలాగే ఉండవచ్చు. నెలనెలా దాన్ని కొలిపించి దిగులుపడవద్దు. చూడవలసినది టీఎస్‌హెచ్, ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి, టిఫినుకు కనీసం అరగంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం పాటించాలి. టీఎస్‌హెచ్ దిగితే గ్రంథి మీద ఒత్తిడి తగ్గి వాపు కొంత మెత్తబడవచ్చు కానీ, పాత కంతులు మాయమవుతాయని ఆశపెట్టను.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. హషిమోటో ఉన్న గ్రంథి కొద్ది వారాల్లోనే గబగబా పెరిగినా, గొంతు బొంగురుపోయినా, పడుకున్నప్పుడు ఊపిరి ఆడకపోయినా వెంటనే చూపించాలి. ఆ గ్రంథిలో లింఫోమా అనే క్యాన్సర్ రావడం చాలా అరుదు, కానీ వస్తే అది వచ్చే తీరు అలాగే ఉంటుంది. దాన్ని పట్టించేది రక్తంలోని ప్రోటీన్ కాదు, మెడ మీద మీ కన్నే.


పార్వతీపురం అబ్బాయి, జనవరి 21, రాత్రి 10:00

రాసిపెట్టుకున్నాను. 96 మిల్లీలీటర్లన్న కొలతను, తేదీతో సహా అమ్మ మందుల డబ్బా మూత లోపల అతికించాను. ఆరు నెలల తరువాత అదే స్కానింగు కేంద్రంలో మళ్లీ కొలిపిస్తాము. షోగ్రెన్ పరీక్షల ఫలితం వచ్చే వారం వస్తుంది, రాగానే ఇక్కడే రాస్తాను.